క్రోషియా అల్లిక వ్యాయామం కింద వస్తుందా? లెక్క తేల్చుకునే పద్ధతి, దానికి జోడించాల్సిన నడక

క్రోషియా అల్లిక వ్యాయామం కిందకు రాదు. అల్లేటప్పుడు క్యాలరీలు ఖర్చవుతాయన్న మాట నిజమే గాని, ఆ ఖర్చులో చాలా భాగం గోడకు ఆనుకుని ఊరికే కూర్చున్నా జరిగేదే. అనంతపురంలో మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక గుమ్మాలకు ఊలు తోరణాలు, పసిబిడ్డలకు టోపీలు అల్లుకునే ఆడవాళ్లు మా వీధిలో చాలామంది ఉన్నారు. వాళ్లలో కొందరికి షుగరు ఉంది, మరికొందరికి బీపీ ఉంది. రోజూ అరగంట వ్యాయామం చేయాలని డాక్టరు చెప్పగా విని వచ్చి, "చేతులు మూడు గంటలు ఆడుతూనే ఉంటాయి గదక్కా, ఇది దాని కిందికి రాదా?" అని అడుగుతుంటారు. ఈ ప్రశ్నకు ఎవరికి వారు తమ బరువుతో, తమ నాడితో ఇంట్లోనే జవాబు తేల్చుకోవచ్చు. ఆ పద్ధతిని, అల్లిక మానకుండానే వ్యాయామాన్ని రోజులో ఇమిడ్చుకునే తీరును ఇక్కడ వివరిస్తాను.

లెక్క కట్టడం

శరీరం ఏ పనికి ఎంత శక్తిని ఖర్చు చేస్తుందో చెప్పడానికి నిపుణులు వాడే ప్రమాణాన్ని మెట్ అంటారు. విశ్రాంతిగా కూర్చున్న మనిషి ఖర్చు చేసే శక్తి ఒక మెట్. అంటే కిలో బరువుకు గంటకు సుమారు ఒక క్యాలరీ. ఏ పనికి ఎంత మెట్ విలువ ఉంటుందో తెలిపే జాబితాను అమెరికా పరిశోధకులు 1993లో మొదటిసారి ప్రచురించి, ఆ తర్వాత 2000, 2011, 2024 సంవత్సరాల్లో సవరించారు. కూర్చుని ఊలు అల్లడం, చేతితో తేలికగా కుట్టడం వంటి పనులకు ఇచ్చే విలువ సుమారు 1.3. టీవీ చూస్తూ కూర్చోవడానికి ఇచ్చే విలువ కూడా దాదాపు అంతే. మెలకువగా ఉండి, కూర్చునో పడుకునో 1.5 మెట్ లేదా అంతకన్నా తక్కువ శక్తితో చేసే పనులన్నిటినీ కదలిక లేని పనులుగానే పరిగణిస్తారు. వ్యాయామంగా లెక్కించదగిన మధ్యస్థ శ్రమ 3 మెట్ దగ్గర మొదలవుతుంది. 6 మెట్, అంతకు పైబడినది తీవ్ర శ్రమ.

లెక్క కట్టడానికి మీ బరువును కిలోల్లో రాసుకుని, దాన్ని మెట్ విలువతోనూ, పని చేసిన గంటలతోనూ గుణించాలి. 60 కిలోల బరువున్న మనిషి గంటసేపు అల్లితే 60ని 1.3తో గుణించగా 78 క్యాలరీలు వస్తాయి. ఈ సంఖ్య చూసి సంతోషించే ముందు, అదే గంట ఏమీ చేయకుండా కూర్చున్నా ఖర్చయ్యే 60 క్యాలరీలను అందులోంచి తీసివేయాలి. మిగిలేవి 18. సూదికి అత్యంత అనుకూలంగా లెక్క వేసినా ఇంతకు మించి రాదు, పైగా ఒక చెంచా పంచదారలో దాదాపు 20 క్యాలరీలు ఉంటాయి. అల్లిక మధ్యలో తాగే టీలో రెండు చెంచాల పంచదార వేసుకుంటే, పాల సంగతి పక్కన పెట్టినా, రెండు గంటల అల్లిక ఆ పంచదారకే చాలదు.

గంటసేపు అల్లితే వందకు పైగా క్యాలరీలు కరుగుతాయని అక్కడక్కడా కనిపించే మాట ఎక్కడి నుంచి పుట్టిందో కూడా ఈ లెక్కే చెబుతుంది. 80 కిలోల మనిషికి 1.3తో గుణిస్తే 104 వస్తుంది. సంఖ్యలో అబద్ధం లేదు. ప్రాణం నిలవడానికి శరీరం ఎటూ ఖర్చు చేసే శక్తిని కూడా అల్లిక ఖాతాలో రాసేయడంలోనే తిరకాసు ఉంది. అలా రాయడం మొదలుపెడితే నిద్ర కూడా వ్యాయామమే అవుతుంది.

ఇప్పుడు అదే మనిషి గంటకు సుమారు ఐదు కిలోమీటర్ల వేగంతో అరగంట నడిచిందనుకుందాం. ఆ నడక విలువ సుమారు 3.5 మెట్, అరగంటకు 105 క్యాలరీలు. ఊరికే కూర్చుంటే ఖర్చయ్యే 30 తీసివేస్తే మిగిలేవి 75. ఈ 75ను అల్లికతో రాబట్టాలంటే నాలుగు గంటలకు పైగా సూది ఆడించాలి. అన్ని గంటలు కూర్చోవడం వల్ల కలిగే నష్టం అదనం.

దీనికి తిండి వైపు నుంచి ఇంకో కోణం ఉంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో వెలువరించిన పట్టికలో, 55 కిలోల బరువుండి కదలిక తక్కువగా ఉన్న స్త్రీకి రోజుకు 1660 క్యాలరీలు, మధ్యస్థంగా శ్రమించే స్త్రీకి 2130 క్యాలరీలు అవసరమని ఉంది. అల్లికను శ్రమగా భావించి తన పేరును రెండో వరుసలో రాసుకున్న మనిషి, ఆ భావనతోనే రోజుకు 470 క్యాలరీలు అదనంగా తినే అవకాశం ఉంది. గంటలకొద్దీ అల్లినా, మిగిలిన రోజంతా పెద్దగా కదలని పక్షంలో, మీరు చూడవలసింది మొదటి వరుసనే.

అన్ని చేతిపనులూ ఒకటి కావన్నది కూడా గుర్తుంచుకోవాలి. కుట్టు మిషను మీద పనిచేయడానికి సుమారు 2.5 మెట్ విలువ ఇస్తారు, కాబట్టి రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే మనిషి ఖర్చు అల్లిక కన్నా స్పష్టంగా ఎక్కువే, అయినా అది వ్యాయామపు గడప దాటదు. ధర్మవరం గుంట మగ్గం మీద కాళ్లతో తొక్కుతూ, చేతులతో పన్నె కొడుతూ పట్టుచీర నేసే పనిలో శ్రమ అంతకన్నా ఎక్కువ. జాకెట్లకు పూసలు కుట్టే మగ్గం వర్కు మాత్రం పూర్తిగా అల్లిక జాతికే చెందుతుంది. విత్తనం కోసం శెనక్కాయలు వొలవడం కూడా అంతే. సాయంత్రానికి బొటనవేళ్లు ఎంత నొప్పి పుట్టినా గుండెకు పని పడదు.

చేతి గడియారం చెప్పే మాటను పరీక్షించడం

ఈ మధ్య పిల్లలు కొనిచ్చిన స్మార్ట్ వాచీ పెట్టుకుని అల్లేవాళ్లు ఎక్కువయ్యారు, దానితోపాటు ఇంట్లో కూర్చునే వేల అడుగులు నడిచినట్టు చూపించే అంకెలూ వచ్చాయి. వాచీలోని పరికరం మణికట్టు కదలికను పసిగట్టి అడుగులుగా ఊహిస్తుంది. సూది పట్టిన చెయ్యి ఒకే లయలో తిరుగుతుంటే కొన్ని వాచీలు దాన్ని నడకగా పొరబడతాయి. మీ వాచీ సంగతి తెలుసుకోవాలంటే, అల్లిక మొదలుపెట్టే ముందు అడుగుల సంఖ్య రాసుకుని, అరగంటపాటు లేవకుండా అల్లి, మళ్లీ చూడండి. సంఖ్య పెరిగితే వాచీని దారం పట్టుకునే చేతికి మార్చుకోండి, లేదా అల్లే సమయంలో తీసి పక్కన పెట్టండి. క్యాలరీల విషయంలో చాలా వాచీలు రెండు అంకెలు చూపుతాయి: ఒకటి రోజు మొత్తం ఖర్చు, రెండోది కదలిక వల్ల అదనంగా అయిన ఖర్చు. మీకు పనికివచ్చేది రెండోదే.

వాచీ లేనివాళ్లకు ఇంకా నమ్మదగిన పరీక్ష ఉంది. ఐదు నిమిషాలు నెమ్మదిగా కూర్చుని, మణికట్టు దగ్గర బొటనవేలి వైపు రెండు వేళ్లు ఆనించి, అర నిమిషం నాడి లెక్కపెట్టి రెట్టింపు చేసి రాసుకోండి. ఇరవై నిమిషాలు అల్లాక మళ్లీ అదే విధంగా లెక్కపెట్టండి. తరువాత పది నిమిషాలు వడిగా నడిచి, ఆగిన వెంటనే మూడోసారి లెక్కపెట్టండి. మొదటి రెండు అంకెలకు తేడా అంతగా ఉండదు. మూడోది తానెవరో తానే చెబుతుంది. బీపీకి, గుండెకు ఇచ్చే కొన్ని మందులు నాడి వేగాన్ని అణచిపెడతాయి గనుక, అవి వాడేవాళ్లు ఊపిరిని బట్టి తేల్చుకోవడం మేలు. మాట్లాడగలిగీ పాట పాడలేని స్థితి మధ్యస్థ శ్రమకు గుర్తు. అల్లుతూ ఒక భజన పాటను పల్లవి నుంచి చివరి చరణం దాకా ఆయాసం లేకుండా పాడవచ్చు. వడిగా నడుస్తూ పల్లవి పూర్తి చేయడమే కష్టం.

అల్లిక చేసే అసలు మేలు

ఇంతవరకు చదివి సూది అటక మీద పెట్టేయనవసరం లేదు. బరువు తగ్గించే విషయంలో అల్లిక పరోక్షంగా నిజంగానే సాయపడగలదు, అది ఖర్చు వైపు నుంచి కాక తిండి వైపు నుంచి. సాయంత్రం సీరియలు చూస్తూ ఖాళీ చేతులతో కూర్చున్న మనిషి ఒడిలోకి మన జిల్లాలో ముందుగా వచ్చేది వేయించిన శెనగ్గింజల గిన్నె. వంద గ్రాముల వేరుశెనగ గింజల్లో సుమారు 560 క్యాలరీలు ఉంటాయి. ముప్పై గ్రాముల గుప్పెడు తింటే దాదాపు 170. రెండు చేతులూ దారంలో ఉన్నప్పుడు ఆ గుప్పెడు నోటికి చేరదు. ఒక్క గుప్పెడు మానడం తొమ్మిది గంటల అల్లికతో సమానం, కాబట్టి అల్లిక వల్ల కలిగే లాభాన్ని ఇక్కడ వెతకడమే న్యాయం.

ఈ లాభం పక్కాగా దక్కాలంటే చిన్న ఉపాయం చెబుతాను. సాయంత్రపు అల్లికకు తెల్లనివి, మీగడ రంగువి, లేత గులాబీ రంగువి ఎంచుకోండి. మిరపకాయ బజ్జీ పట్టుకున్న వేళ్లతో తెల్ల ఊలును ముట్టుకుంటే మరక పడుతుందన్న భయం, ఏ ఆహార నియమం కన్నా బలంగా పనిచేస్తుంది. ముదురు ఎరుపు, నలుపు ఊలును పగటి పూటకు ఉంచుకోవచ్చు. చీకట్లో నల్ల ఊలు అల్లడం కంటికీ మంచిది కాదు.

మనసు కుదుటపడటం, వేళ్లు చురుగ్గా ఉండటం వంటి మేళ్లు అల్లేవాళ్లకు వేరుగా చెప్పనక్కరలేదు. వాటిని వాటి ఖాతాలోనే ఉంచి, వ్యాయామపు ఖాతాలో అల్లికకు సున్నా వేయండి.

వరుసలతో విరామాలు కట్టుకోవడం

అల్లికలో క్యాలరీలు తక్కువ అన్నదాని కన్నా, అది మనిషిని కదలనివ్వదన్నదే నా దృష్టిలో పెద్ద సమస్య. "ఈ ఒక్క వరుస అయిపోనీ" అనుకుంటూ రెండు గంటలు గడిచిపోతాయి. 2012లో ఆస్ట్రేలియా పరిశోధకులు, అధిక బరువున్న మధ్యవయస్కులను ఒక రోజు ఏకధాటిగా కూర్చోబెట్టి, మరో రోజు ప్రతి 20 నిమిషాలకు 2 నిమిషాలు నడిపించి పోల్చి చూస్తే, నడిచిన రోజున తిన్న తర్వాత రక్తంలో పెరిగే చక్కెర తక్కువగా ఉంది. నడక నెమ్మదిగా సాగినా ఆ ప్రయోజనం కనిపించింది. కదిలే కండరాలు రక్తంలోని చక్కెరను తమలోకి లాక్కుంటాయి, తొడల్లోనూ పిక్కల్లోనూ ఉండే పెద్ద కండరాలు మరీ ఎక్కువగా లాక్కుంటాయి. కూర్చుని అల్లేటప్పుడు ఆ పెద్ద కండరాలు నిద్రపోతుంటాయి. షుగరు ఉన్నవాళ్లు అరగంటకు మించి ఏకబిగిన కూర్చోవద్దని వైద్య సంఘాలు చెప్పడం వెనక కారణం ఇదే.

ఫోనులో అలారం పెట్టుకోమని చెప్పడం సులువు, కాని వరుస మధ్యలో అలారం మోగితే అల్లేవాళ్లు దాన్ని ఆపి పని కొనసాగిస్తారు, ఎందుకంటే మధ్యలో లేస్తే కుట్ల లెక్క తప్పుతుంది. కనుక గడియారాన్ని కాక అల్లికనే కొలతగా పెట్టుకోవాలి. మీరు చేస్తున్న పనిలో ఒక వరుసకు ఎంతసేపు పడుతుందో ఒక్కసారి చూసి రాసుకోండి. పసిబిడ్డ దుప్పటిలో వరుసకు ఎనిమిది నిమిషాలు పడితే మూడు వరుసలకు ఒకసారి లేవాలి; తోరణంలో ఒక్కో పువ్వుకు పది నిమిషాలు పడితే రెండు పువ్వులకు ఒకసారి. వరుస పొడవు పెరుగుతున్న కొద్దీ ఈ లెక్కను మార్చుకోవాలి. గుండ్రంగా పెరిగే టేబుల్ క్లాత్ అయితే చివరి చుట్లు ఒక్కొక్కటే అరగంట పట్టవచ్చు.

మధ్యలో లేవక తప్పనప్పుడు కూడా క్రోషియాలో భయపడవలసింది లేదు. రెండు సూదులతో అల్లే స్వెటర్లలో సూది మీద పదుల కొద్దీ కుట్లు ప్రాణంతో ఉంటాయి. క్రోషియాలో ప్రాణమున్న ఉచ్చు ఒక్కటే. ఆ ఉచ్చును జానెడు పొడవు లాగి వదిలినా, దానిలో ఒక పిన్నీసు గుచ్చినా అల్లిక విడిపోదు. ఎన్నో కుట్టులో ఉన్నారో ఒక చీటీ మీద రాసుకుంటే సరిపోతుంది.

లేచాక ఏం చేయాలన్నది ఇంటిని బట్టి ఉంటుంది. ఊలు సంచీని అల్లే చోట కాక వేరే గదిలో ఉంచి, ఒక్కో ఉండ కోసం ఒక్కోసారి లేవడం నాకు నచ్చిన ఏర్పాటు. నీళ్ల చెంబును వంటింట్లోనే వదిలేస్తే దాహం కూడా లేపుతుంది. మిద్దె మెట్లు ఒకసారి ఎక్కి దిగితే ఇంకా మంచిది, ఎందుకంటే మెట్లెక్కడం నెమ్మదిగా ఎక్కినా 4 మెట్ దగ్గర ఉండి, వ్యాయామపు గడప దాటుతుంది. పది నిమిషాలకు తగ్గని కదలికే లెక్కలోకి వస్తుందన్న పాత నియమాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో తీసివేసింది, కాబట్టి రెండు నిమిషాల మెట్లు కూడా ఖాతాలో పడతాయి. నిలబడి అల్లడం గురించి కొందరు అడుగుతారు. కాళ్లకు మార్పుగా బాగుంటుంది గాని ఖర్చులో చెప్పుకోదగ్గ తేడా రాదు. నడుస్తూ అల్లడం మాత్రం వద్దు. కన్ను కుట్టు మీద, కాలు గడప మీద ఉంటే ఏం జరుగుతుందో వేరే చెప్పనక్కరలేదు.

అసలు వ్యాయామాన్ని ఎక్కడ పెట్టాలి

పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, దానితోపాటు వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే పని అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. వారానికి ఐదు రోజులు అరగంట చొప్పున నడిస్తే మొదటి సంఖ్య అందుతుంది. మన ఎండలను దృష్టిలో పెట్టుకోకుండా ఈ సలహా ఇస్తే అది కాగితం మీదే ఉండిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటే అనంతపురంలో నడకకు ఉదయం ఏడు లోపు సమయమే సరైనది. సాయంత్రం ఆరున్నరకు ఎండ పోయినా మిద్దె గచ్చు కక్కే వేడి రాత్రి దాకా తగ్గదు, అందుచేత వేసవిలో మిద్దె మీది నడకను పొద్దుటికే ఉంచి, సాయంత్రమైతే ఆర్ట్స్ కాలేజీ మైదానం లాంటి మట్టి నేల ఉన్న చోటికి వెళ్లడం మంచిది. బయటికి వెళ్లే వీలు లేనివాళ్లు ఇంటి పనుల్లోనే వెతుక్కోవచ్చు: వంగి ఇల్లంతా ఊడ్చడం, తడిబట్టతో తుడవడం, బట్టలు రాతి మీద ఉతకడం వడిగా చేస్తే 3 మెట్ దాటే పనులు. ఊపిరి వేగం పెరిగిందా లేదా అన్నదే వాటికీ పరీక్ష.

బలం కోసం వ్యాయామశాల అక్కరలేదు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకు రెండు చేతులు ఆనించి ముందుకు వంగి వెనక్కి నెట్టుకోవడం, గుమ్మం పట్టుకుని మునివేళ్ల మీద పైకి లేవడం చాలు. దుప్పటిలో ఒక చదరపు ముక్క పూర్తయినప్పుడల్లా వీటిలో ఒకటి చేసేవాళ్లకు దుప్పటి పూర్తయ్యే వేళకు మోకాళ్లలో తేడా తెలుస్తుంది. మోకాళ్ల నొప్పులు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, ఇన్సులిన్ వేసుకునేవాళ్లు కొత్తగా నడక మొదలుపెట్టే ముందు తమ డాక్టరును అడగాలి. ఇన్సులిన్ వాడేవాళ్ల కొంగుకు నడక సమయంలో ఒక బెల్లం ముక్కో చక్కెర పొట్లమో కట్టి ఉండాలి.

మణికట్టు గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే వ్యాయామం అనుకుని అల్లిక గంటలు పెంచినవాళ్లకు మొదట మొరాయించేది అదే. రాత్రిళ్లు బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కి మెలకువ వస్తుంటే మణికట్టులోని నరం మీద ఒత్తిడి పడుతోందని అనుమానించాలి. షుగరు, థైరాయిడ్ ఉన్నవాళ్లకు, గర్భిణులకు ఇది తొందరగా వస్తుంది. సూది పిడికి గుడ్డ చుట్టి లావు చేసుకోవడం, ఒడిలో దిండు పెట్టుకుని మోచేతులు ఆనించడం ఉపకరిస్తాయి; తిమ్మిరి తగ్గకపోతే అల్లిక ఆపి డాక్టరుకు చూపించుకోవాలి.

ఫలితం తెలుసుకోవడానికి తూకం యంత్రం ఒక్కటే చాలదు, మీ అల్లిక సంచీలో ఉన్న టేపే దానికన్నా నిజం చెబుతుంది. నిలబడి, మామూలుగా ఊపిరి వదిలాక, చివరి పక్కటెముకకు తుంటి ఎముకకు నడుమ టేపు చుట్టి చూడండి. టేపు చర్మానికి ఆనాలి గాని నొక్కకూడదు. మన దేశంలో స్త్రీలకు 80 సెంటీమీటర్లు, పురుషులకు 90 సెంటీమీటర్లు దాటకూడదన్నది లెక్క. కొలతను రోజూ తీయనక్కరలేదు. నెలకొకసారి, ఉదయం పరగడుపున, ప్రతిసారీ అదే టేపుతో తీసి, వారం వారం నడిచిన నిమిషాలు రాసుకునే పుస్తకంలోనే పక్కన రాసుకోండి. అల్లిన గంటలకు ఆ పుస్తకంలో గడి గీయవద్దు.